మిగిలిపోయిన ఎనిమిది ఇత్తడి ముక్కలు

ముగ్గురు మేస్త్రీలు చూసి చేతులెత్తేసిన కాజాల మిషనును పందొమ్మిదో ఏట నడిపించడం మిషనక్క సాధించిన మొదటి విజయం. అది ఊరికే ఒళ్లో వచ్చి పడినది కాదు. అప్పటికి ఆమె బట్టల కంపెనీలో గుండీలు కుట్టే అమ్మాయి. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే తక్కినవాళ్లు క్యారేజీలు విప్పుకుంటుంటే, ఈమె మూలన దుమ్ము కొట్టుకుపోతున్న ఆ మిషను దగ్గర మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూసేది. పదకొండు రోజులు చూసింది. వేలితో కూడా ముట్టుకోలేదు. పన్నెండో రోజు లేచి, “ఈ స్ప్రింగు తిరగేసి పెట్టారు” అంది. విప్పి చూస్తే నిజమే. ఆ సాయంత్రానికి ఆ మిషను నాలుగు వందల చొక్కాలకు కాజాలు తీసింది.

కంపెనీ పెద్ద మేస్త్రి అదంతా చూసి ఆమెను తన దగ్గరకు మార్పించుకున్నాడు. మాటలు తక్కువ మనిషి. పన్నెండేళ్లలో ఆమెకు నేర్పిన పనులు వందలున్నా, నోటితో చెప్పిన సూత్రాలు మాత్రం రెండే. ఒకటి: ఏ ముక్కనైనా ఇనుముకు ఆనించి బిగించు, మధ్యలో వెంట్రుకంత సందున్నా అది వణుకుతుంది, వణికేది దారం తెంపుతుంది. రెండు: బిగించడం అయ్యాక చేతిలో ఒక్క మర మిగిలినా ఆ పని కాలేదనుకో, మనిషి అబద్ధం చెప్తాడు గాని మర చెప్పదు.

ఆ రెండు సూత్రాలతోనే మిషనక్క ఆ కంపెనీలో మొదటి ఆడ మెకానిక్ అయింది. సైకిలు పుల్లను అరగదీసి, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషనులో సూదికీ, దారం అందుకునే కొక్కేనికీ మధ్య దూరం చూసే కొలబద్ద తయారుచేసింది. బజార్లో దొరికేది దానికన్నా యాభై రెట్లు ఖరీదు, అయినా తోటి మెకానిక్‌లు నేటికీ ఆ పుల్లనే అడిగి తీసుకుంటారు. గోదాములో తుప్పు పట్టిన పద్నాలుగు మిషన్లను ఒక్క వానాకాలంలో లేపి నిలబెట్టింది. పెద్ద మేస్త్రి రిటైరైన రోజున తన పనిముట్ల పెట్టె ఎవరికిచ్చాడో వేరే చెప్పక్కర్లేదు. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయినా, తెలియనిది కనపడితే ఆమెకు అన్నం సయించదు. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెతను ఆమె అన్నం విషయంలో కాదు, విద్య విషయంలో నమ్మింది.

ఈ ఏడు మార్చి నెలలో కంపెనీకి ఒక కబురు వచ్చింది. కంప్యూటరుతో నడిచే ఎంబ్రాయిడరీ మిషన్లు ఆరు వస్తున్నాయి. వాటిని చూసుకోవడానికి ఉన్న ఏడుగురు మెకానిక్‌లలో ఇద్దరిని నలభై అయిదు రోజుల శిక్షణకు పైఊరు పంపుతారు. మిగిలిన అయిదుగురు పాత మిషన్లతోనే ఉంటారు, ఆ పాత మిషన్లు ఎన్నాళ్లుంటాయో మేనేజరుకే తెలియదు. ఏప్రిల్ ఇరవైన పరీక్ష. కాగితం మీద ఒక పువ్వు బొమ్మ ఇస్తారు. దాన్ని కంప్యూటరులో గీసి, మిషను కుట్టగలిగే కుట్లుగా గంటలో మార్చాలి. నేర్చుకోవడానికి సాఫ్ట్‌వేరు అందరికీ తలా ఒక పెన్‌డ్రైవులో ఇచ్చారు. కంప్యూటరు మాత్రం ఆఫీసులో ఒక్కటే ఉంది. మనిషికి వారానికి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల్లో మౌసు పట్టుకోవడం అలవాటయ్యేసరికే లేవమన్నారు.

ఇంటికి వచ్చి ఆ రాత్రి భోజనాల దగ్గర మిషనక్క విషయం చెప్పింది. ఇంట్లో ఉండేది ముగ్గురే. భర్త బస్సు డ్రైవరు. అత్తగారు ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి, డాక్టర్లను కూడా మందలించి రిటైరైన మనిషి.

“కొత్త ఫ్రిజ్‌కి దాచినవి ఇరవై రెండు వేలున్నాయి కదా” అంది మిషనక్క.

అత్తగారు వంటింటి మూలన నీళ్లు కారుస్తూ నిలబడ్డ పాత ఫ్రిజ్ వైపు చూసింది. దాని కింద ఎప్పుడూ ఒక పళ్లెం ఉంటుంది.

“ఉన్నాయి. ఎండలు కూడా ఉన్నాయి.”

“ఇది ఇంకో వేసవి లాగుతుంది అత్తయ్యా. రబ్బరు మార్చి చూస్తాను.”

“పోయినేడు కూడా ఇదే మాట అన్నావు.”

“పోయినేడు లాగింది కదా.”

భర్త తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. “ఒరేయ్, నువ్వేమంటావు?” అని తల్లి అడిగితే, “నేను డ్రైవర్నమ్మా. స్టాపు మీరిద్దరూ చెప్తే అక్కడ ఆపుతాను” అన్నాడు.

“పెళ్లాం బెల్లు కొడితే చాలు, నా చెయ్యెక్కడ కనపడుతుంది నీకు” అంది అత్తగారు. కోడలి వైపు తిరిగి, “కొనుక్కో. కానీ ఇరవై రెండు దాటితే ఆ కంప్యూటర్లోనే పాలు పెడతాను” అంది.

దుకాణంలో తయారుగా ఉన్న కంప్యూటర్లు ముప్పై వేల కిందికి లేవు. అందుకని భాగాలు విడివిడిగా కొని తనే బిగించుకోవాలని మిషనక్క నిర్ణయించుకుంది. రెండు వారాలపాటు మధ్యాహ్నం అన్నం వేళల్లో ఫోనులో వీడియోలు చూసింది. చూసినకొద్దీ నోటుబుక్కులో ప్రశ్నలు పెరిగాయి. ఒక యంత్రం కడుపులో ఇన్ని గదులుంటాయని, ఒక్కో గదికి ఒక్కో పేరుంటుందని తెలిసిన కొద్దీ, పరీక్ష సంగతి పక్కకు పోయి అసలు అది ఎలా నడుస్తుందో చూడాలన్న ఆత్రం ఎక్కువైంది.

బస్టాండు వెనక సందులో కంప్యూటరు భాగాల దుకాణం ఒకటుంది. యజమానిని అందరూ నిదానంగారు అంటారు. ప్రతి మాటకూ ముందు “నిదానంగా చూద్దాం” అనడం ఆయన అలవాటు. ఏప్రిల్ మొదటి శనివారం సాయంత్రం మిషనక్క అక్కడ మెట్టెక్కింది.

“ఏం కావాలమ్మా?”

“భాగాలు కావాలి. కొనేముందు అడగాల్సినవి ఉన్నాయి.”

“ఎన్ని?”

ఆమె నోటుబుక్కు తిరగేసింది. “ముప్పై ఒకటి.”

ఆయన లోపలి నుంచి స్టూలు తెచ్చి వేశాడు. “నిదానంగా చూద్దాం.”

“మా మిషన్లలో ఒకదాని సూది ఇంకోదానికి పట్టదు. పొడుగు ఒకటే ఉంటుంది, కాడ లావు తేడా. చూపుకి తెలీదు, పెట్టాక విరుగుతుంది. ఇక్కడ కూడా అలాంటి గొడవ ఉందా?”

నిదానంగారు ఆమెను కొంచెం కొత్తగా చూశాడు. ప్రాసెసరు ఒకటి తీసి అరచేతిలో పెట్టాడు. చదరపు బిళ్ల, అడుగున చుక్కల ముగ్గు. “సరిగ్గా అదే గొడవ. దీనికి సరిపోయే గూడు ఉన్న మదర్‌బోర్డే కొనాలి. బోర్డు అందంగా ఉందని ముందు అది కొనేసి, తర్వాత ప్రాసెసరు కోసం తిరిగేవాళ్లు వారానికి ఇద్దరొస్తారు.”

“అంటే ముందు సూది చూసుకుని, తర్వాత మిషను.”

“అంతే. ర్యామ్ కూడా బోర్డు ఏ రకం తింటుందో అదే పెట్టాలి. ఇదిగో, మధ్యలో ఈ గాటు చూశారా, వేరే రకం పెట్టబోతే ఎక్కదు.”

“బలవంతంగా నొక్కితే?”

“నొక్కినవాళ్లు కూడా వారానికి ఒకరొస్తారు.”

అద్దాల బీరువాలో మూడు ఫ్యాన్లున్న పెద్ద డబ్బా ఆమె కంట పడింది. “అదేమిటి? ఇరవై రెండు వేలూ దానికే అయ్యేలా ఉంది.”

“గ్రాఫిక్స్ కార్డు. ఆటలాడేవాళ్లకి, సినిమాలు కత్తిరించేవాళ్లకి. ఇందాక చూపించిన ప్రాసెసరులోనే బొమ్మ చూపించే సదుపాయం ఉంది. మీకు అక్కర్లేదు.”

“అక్కర్లేనిదాన్ని ముందు వరసలో పెట్టారే.”

“ముందు వరస మా తమ్ముడు సర్దాడు. మీ ప్రశ్నలు వాడు ఉన్నప్పుడు అడగకండి, దుకాణం మూసేస్తాడు.”

అలా ఒక్కొక్కటీ తేలింది. పాత రకం హార్డ్ డిస్కు వద్దు, చిన్నదైనా ఎస్‌ఎస్‌డి పెడితే యంత్రం చకచకా లేస్తుంది. ర్యామ్ ఎనిమిది జీబీ ఒకే ముక్కగా తీసుకుంటే రెండో గాడి ఖాళీగా ఉండి, రేపు చేతిలో ఆడినప్పుడు ఇంకొకటి పెట్టుకోవచ్చు. మానిటరు, కీబోర్డు, మౌసు ఎవరో వాడి ఇచ్చినవైనా పర్వాలేదు. పవర్ సప్లై దగ్గరికి వచ్చేసరికి ఆయన రెండు చూపించాడు. ఒకదాని మీద అయిదు వందల వాట్లని ఉంది, చవక. రెండోదాని మీద నాలుగు వందల యాభై అని ఉంది, ధర రెట్టింపు.

మిషనక్క రెండు చేతుల్లో రెండూ పట్టుకుని తూకం చూసింది. అయిదు వందలది ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది.

“ఇది” అని బరువైనది బల్ల మీద పెట్టింది.

“నేను ఇంకా ఏమీ చెప్పలేదే.”

“చీటీ మీద అంకె ఎవరైనా వేసుకోవచ్చు. బరువు వేసుకోలేరు. మా మోటార్లలో రాగి చుట్టలు తగ్గించి అమ్మేవాళ్లు ఇలాగే దొరికిపోతారు.”

“ఎప్పుడూ బరువుతోనే తేలదమ్మా. కానీ ఈసారి తేలింది” అని నిదానంగారు నవ్వాడు.

పవర్ సప్లై మీద ఎక్కువ పెట్టినందుకు పై పెట్టె దగ్గర తగ్గించుకోవాల్సి వచ్చింది. ఆయన అటక మీంచి పాత క్యాబినెట్ ఒకటి దింపాడు. ఒక పక్క సొట్ట, మిగతాది గట్టిదే. దానితోపాటు చిన్న ప్లాస్టిక్ పొట్లం ఇచ్చాడు. “దీనికి సంబంధించిన మరలు అన్నీ ఇందులో ఉన్నాయి” అని ఏదో చెప్పబోతుంటే ఫోను మోగింది. ఆయన ఫోను మాట్లాడుతుండగానే ఆమె సామాను సంచిలో సర్దేసుకుంది.

ముప్పై ఒక్క ప్రశ్నలు అడిగిన మనిషి ముప్పై రెండోది అడగలేదు: ఈ పొట్లంలో ఏది దేనికి? మరల గురించి తాను ఇంకొకరిని అడగడమా అని ఆమెకు తోచనే లేదు.

ఆదివారం పొద్దున ముందు గదిలో బల్ల మీద పాత దుప్పటి పరిచి మిషనక్క పని మొదలుపెట్టింది. అత్తగారు కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆపరేషను థియేటరు గుమ్మంలో నిలబడ్డ మనిషిలా చూస్తోంది. క్యాబినెట్‌లో పెట్టకముందే ఒకసారి బయట నడిపి చూడాలని వీడియోలో చెప్పారు. మదర్‌బోర్డును అది వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టి, ప్రాసెసరు, ర్యామ్, ఫ్యాను బిగించి తీగలు కలిపింది. మీట తగిలించే రెండు పిన్నులను స్క్రూడ్రైవరు కొసతో కలిపి తాకించగానే ఫ్యాను తిరిగింది. మానిటరు మీద తెల్లని అక్షరాలు వచ్చాయి.

“నడిచిందా?” అంది అత్తగారు.

“నడిచింది అత్తయ్యా.”

“అట్టపెట్టె మీద ఇంత శుభ్రంగా నడుస్తుంటే మళ్లీ ఆ ఇనప డబ్బా ఎందుకు? దానికి లేని దురద నీకెందుకు?”

“దుమ్ము పడుతుంది.”

“నా ముప్పై ఏళ్ల సర్వీసులో దుమ్ముకి చచ్చినవాణ్ణి చూడలేదు. కెలికి చచ్చినవాళ్లనే చూశాను.”

మిషనక్క నవ్వుకుంటూ పొట్లం విప్పింది. మామూలు మరలు ఇరవై దాకా, వాటితో ఎనిమిది ఇత్తడి ముక్కలు. పొట్టిగా, ఒక కొసన మర, ఇంకో కొసన రంధ్రం. పాత క్యాబినెట్ కదా, ఏవో వేరేవాటి విడిభాగాలు కలిసిపోయాయనుకుని పక్కన గిన్నెలో వేసింది. బోర్డును క్యాబినెట్ ఇనప రేకు మీద పడుకోబెట్టింది. రంధ్రాలు రంధ్రాల మీదకు చక్కగా వచ్చాయి. వెనక ఉన్న కిటికీలోంచి బోర్డు ప్లగ్గులు బయటకు రావాలి, అవి మాత్రం రాలేదు, కిటికీ అడుగు అంచుకు తగిలాయి. పాత పెట్టె, కొలత కాస్త తేడా ఉంది కాబోలనుకుంది. బోర్డు బయటకు తీసి, ఆకురాయి తెచ్చి, కిటికీ అడుగు అంచును సొగసుగా అరగదీసింది. పొడి ఒక్క రవ్వ లేకుండా తుడిచింది. మళ్లీ బోర్డు పెడితే ప్లగ్గులు హాయిగా బయటకు వచ్చాయి. ఇనుముకు ఆనించి, సందు లేకుండా, పెద్ద మేస్త్రి చూస్తే మెచ్చుకునేటట్టు బిగించింది.

మీట నొక్కింది. ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగిపోయింది.

మళ్లీ నొక్కింది. ఈసారి అది కూడా లేదు.

అత్తగారు లేచి వెళ్లి ఫ్రిజ్ కింద పళ్లెం చూసి వచ్చింది. వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని ఆగింది. బోర్డు కాలిపోయి ఉంటే ఫ్రిజ్ డబ్బులు పోయినట్టే. పరీక్షకు పదమూడు రోజులుంది. ఇంకో బోర్డు కొనే దారి లేదు.

మధ్యాహ్నం భర్త డ్యూటీ దిగి వచ్చి, గదిలో ఇద్దరి ముఖాలూ చూసి చెప్పులు మెల్లిగా విడిచాడు. “మా బస్సు కూడా అప్పుడప్పుడు ఇలాగే చేస్తుంది. దిగి మళ్లీ ఎక్కితే స్టార్టవుతుంది” అన్నాడు.

“దీంట్లోకి ఎక్కి చూపించరా ముందు” అంది తల్లి.

ఆ రోజు మిషనక్క దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. కోపం వచ్చినప్పుడు స్క్రూడ్రైవరు పట్టుకోకూడదని ఆమెకు తెలుసు. సోమవారం పొద్దున పనికి వెళ్లేముందు గంటసేపు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పందొమ్మిదేళ్లప్పుడు కూర్చున్నట్టే, టార్చి వేసి ఊరికే చూసింది. బయట బతికింది, లోపల చచ్చింది. ప్రాసెసరు అదే, ర్యామ్ అదే, తీగలు అవే. బయటకీ లోపలికీ మధ్య మారింది ఏమిటి? బయట కింద అట్ట ఉంది. లోపల కింద ఇనుముంది.

అట్ట కరెంటును పోనివ్వదు. ఇనుము పోనిస్తుంది.

అయితే బోర్డులన్నీ ఇనప పెట్టెల్లోనే కదా ఉండేది అనుకుంది. అప్పుడు టార్చి వెలుగు తను అరగదీసిన అంచు మీద పడి తళుక్కుమంది. ఆ మెరుపు చూస్తే ఆమెకు నచ్చలేదు. పెట్టె చేసినవాళ్లు వేలకు వేలు చేస్తారు, ఒకే కొలత మీద చేస్తారు. ఇంత తేడా వాళ్లకు ఎలా వస్తుంది? వెర్నియర్ కొలబద్ద తెచ్చి తను ఎంత అరగదీసిందో కొలిచింది. ఆరు మిల్లీమీటర్లు. అంటే కిటికీ పైకి లేదు, బోర్డే ఆరు మిల్లీమీటర్లు కిందికి దిగి కూర్చుంది. ఆరు మిల్లీమీటర్ల ఎత్తున్నది ఏదో కింద ఉండాలి, లేదు.

గిన్నెలో మిగిలిన ఇత్తడి ముక్కల్లో ఒకటి తీసి వెర్నియర్‌లో పెట్టింది. సరిగ్గా ఆరు.

మిషనక్క చాలాసేపు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూసింది. ఎనిమిది ముక్కలు కళ్లెదురుగా గిన్నెలో మిగిలి ఉండగా పని అయిందనుకుని మీట నొక్కింది. పెద్ద మేస్త్రి మొదటి సూత్రం పట్టుకుని రెండోది వదిలేసింది. మొదటి సూత్రం వణికే యంత్రాలది. ఇది వణకని యంత్రం. దీనికి సందు కావాలి, ఆ సందు ఇచ్చే కాళ్లే ఈ ఎనిమిది.

“అత్తయ్యా” అని పిలిచింది. “మీరన్నదే నిజం. అట్టపెట్టె మీదే బాగా నడుస్తుంది.”

“నేనెప్పుడు అబద్ధం చెప్పాను” అంది అత్తగారు వంటింట్లోంచి. “ఇంతకీ ఏం చచ్చింది?”

“ఏమీ చచ్చి ఉండకూడదు. ఇంకా చూడాలి.”

సాయంత్రం పని నుంచి రాగానే బోర్డు విప్పింది. ఎనిమిది ఇత్తడి కాళ్లూ రేకులో బిగించి, వాటి మీద బోర్డు కూర్చోబెట్టింది. చేతిలో ఒక్క ముక్క మిగల్లేదు. భర్త, అత్తగారు చెరోపక్క నిలబడ్డారు. మీట నొక్కింది. ఫ్యాను పావు చుట్టు తిరిగింది, అర చుట్టు తిరిగింది, ఇక ఆగలేదు. తెల్లని అక్షరాలు వచ్చాయి. బరువు చూసి కొన్న పవర్ సప్లై లోపల షార్టు పసిగట్టి తనంతట తానే కట్టేసుకోబట్టి బోర్డు బతికిందని తర్వాత నిదానంగారు చెప్పాడు. చవకది కొని ఉంటే బోర్డును కూడా వెంట తీసుకుపోయేదట. ఆ మాట చెప్పి, పొట్లం ఇచ్చేటప్పుడు తను చెప్పలేకపోయినందుకు చాలా నొచ్చుకున్నాడు.

“మీదేం తప్పు లేదు. నేనే అడగలేదు” అంది మిషనక్క. నోటుబుక్కు తీసి, ముప్పై ఒకటి కింద ముప్పై రెండు అని అంకె వేసి, ఆ ప్రశ్న కూడా రాసుకుంది. జవాబు పక్కన రాసుకుంది.

బోర్డు ఆరు మిల్లీమీటర్లు పైకి లేచింది కాబట్టి వెనక అరగదీసిన చోట ఇప్పుడు సందు మిగిలింది. బొద్దింకలు దూరుతాయని అత్తగారు ఆ అట్టపెట్టెలోంచే ఒక ముక్క కత్తిరించి అక్కడ అంటించింది. ఇంటికి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, “మా కోడలి సంతకం” అంటుంది.

మిగిలిన పన్నెండు రోజులూ పొద్దున గంట, సాయంత్రం గంట మిషనక్క పువ్వులు గీసింది. మొదటి పువ్వు క్యాలీఫ్లవరులా వచ్చిందని భర్త అన్నాడు. నాలుగో రోజుకు అది పువ్వని తెలిసింది. ఎక్కడ కుట్టు దిశ మార్చాలి, ఎక్కడ దారం తెగుతుంది, ఇవి సాఫ్ట్‌వేరుకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఇరవయ్యో తేదీన ఏడుగురూ పరీక్ష రాశారు. డిప్లొమా చదివిన కుర్ర మెకానిక్‌కు మొదటి స్థానం, మిషనక్కకు రెండో స్థానం. ఆ కుర్రాడి పువ్వు చూడ్డానికి బాగుంది. మిషనులో పెట్టి కుట్టించినప్పుడు మాత్రం దారం తెగకుండా చివరిదాకా వచ్చింది మిషనక్క పువ్వే. ఇది చెప్పుకోదగ్గ సంగతి. మేనేజరు కూడా చెప్పాడు.

బయలుదేరే ముందు రోజు ఆమె ఫ్రిజ్‌కు కొత్త రబ్బరు వేసింది. అత్తగారికి కంప్యూటరు ఆన్ చేయడం, వీడియోలో మాట్లాడటం నేర్పింది. అత్తగారు రెండు రోజుల్లోనే నేర్చుకుని, “ఇందులో పాలు మాత్రం పట్టవు” అని ఒప్పుకుంది.

మే నాలుగున మిషనక్క శిక్షణకు వెళ్లింది. నోటుబుక్కు వెంట తీసుకుపోయింది, అందులో ప్రశ్నలు ఇప్పటికి తొంభై దాటాయట. ఇక్కడ ఫ్రిజ్ మళ్లీ కొద్దికొద్దిగా కారుతోంది. అత్తగారు పొద్దున్నే పళ్లెం పారబోసి, దాని తలుపు మీద తట్టి, “ఆమె వచ్చేదాకా ఎలాగో ఒకలా నెట్టుకురా, ఆ తర్వాత నీ ఇష్టం” అంటుంది. మర్చిపోకుండా ఉండేందుకు కొడుకు చేత తలుపు మీద తేదీ రాయించింది. జూన్ పద్దెనిమిది.